వాన రాకముందే చిగురేసే కొండ

పిల్లల్ని కొండకు ఏ నెలలో తీసుకుపోవాలని మార్కాపురంలో ఎవర్నడిగినా కార్తీకమనే చెబుతారు. పచ్చగా ఉంటుంది, వాగులు పారుతుంటాయి, ఎండ చురుక్కుమనదు, పైగా పుణ్యం. కాదనను. నన్నడిగితే మాత్రం ఫాల్గుణం అంటాను. శివరాత్రి తిరనాళ్ల దుమ్ము అణిగి, ఉగాది ఇంకా పది పదిహేను రోజులుందనగా, చీకటితో లేచి సద్ది కట్టుకుని నల్లమల దారి పట్టాలి.

"అప్పుడేముంటది తాతా? వాగులో నీళ్లుండవు, చెట్లకు ఆకులుండవు" అంటాడు మా చిన్నోడు.

అదేరా చూడాల్సింది. చినుకు పడి మూడు నెలలు దాటింది. నేల నెర్రెలిచ్చింది. ఆకు లేదు, నీడ లేదు. అయినా మోదుగ పూసింది, కొండగోగు పూసింది. ఇంకో నెల పోతే, మనం తలుపులేసుకుని ఫ్యాను కింద పడుకునే ఎండలో, ఎండు కొమ్మలకు చిగుళ్లు మొదలవుతాయి. తొలకరి రావడానికి అప్పటికి ఇంకా నెలా రెండు నెలలుంటుంది. పొలంలో విత్తనం వేసే రైతు కూడా ఆకాశం చూసి గానీ అడుగు ముందుకెయ్యడు. మరి ఈ చెట్టుకు అంత ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చింది? ఈ కబుర్లన్నీ ఆ ధైర్యం గురించే.

పంచాంగం లెక్కన వసంతమంటే చైత్ర వైశాఖాలు. మన మార్కాపురం వైపు వైశాఖాన్ని వసంతమంటే గేదెలు కూడా ఒప్పుకోవు. నల్లమలలో వసంతం మాఘం ఆఖర్నే తలుపు తట్టి, చైత్రానికి నడిమింట్లో కూర్చుంటుంది. అందుకే ఫాల్గుణం అంటున్నాను.

పోవడానికి రెండు దార్లు. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఒకటి. దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ వాళ్లు జీపు సఫారీ నడుపుతారు. ఇదంతా 1983లో ప్రకటించిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోది. అందుకే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఘాటుకు గేట్లు మూసేస్తారు, ఎవరి సిఫార్సులూ పనిచెయ్యవు. రెండో దారి పిల్లలకు ఎక్కువ ఇష్టం. గిద్దలూరులో నంద్యాల వైపు పోయే రైలెక్కడమే. దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె. మధ్యలో కొండలు, లోయలు, సొరంగాలు. సొరంగంలోకి దూరగానే పెట్టెలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా కేకలేస్తారు. ఆ కేకలు వద్దని చెప్పే పెద్దాయన ఒకడు ప్రతి పెట్టెలోనూ ఉంటాడు. ఇక్కడ మొదట మీటరుగేజి లైను వేసింది 1880ల్లో. లోయ మీద కట్టిన దొరబావి వంతెన ఆనాటిదే. 1990ల్లో బ్రాడ్‌గేజి వచ్చి దారి మారాక ఆ వంతెనకు రైళ్లు లేకుండా పోయాయి.

ఘాటు మొదలవగానే చిన్నోడి మొదటి ప్రశ్న వస్తుంది. "కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా తాతా, మరి ఎండ ఎక్కువవ్వాలిగా?"

ముందు దూరం లెక్క చూడు. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. నల్లమలలో ఎత్తయిన భైరానికొండ 929 మీటర్లు. కిలోమీటరు కూడా లేని ఎత్తుకు ఎక్కి సూర్యుడికి దగ్గరయ్యామనుకుంటే ఆయన నవ్విపోతాడు. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడి చెయ్యదు. నేలను వేడి చేస్తుంది, ఆ నేల తన మీదున్న గాలిని వేడి చేస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చుట్టూ ఒత్తిడి తక్కువ, కాబట్టి అది విచ్చుకుంటుంది. విచ్చుకోవడానికి ఖర్చయ్యేది దాని సొంత వేడే. నమ్మకం లేకపోతే సైకిల్ ట్యూబు వాల్వు వదులు చేసి ఆ గాలికి వేలు పెట్టి చూడు, చల్లగా తగుల్తుంది. మొత్తం మీద కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది.

ఇక లెక్క నువ్వే కట్టు. మార్కాపురం సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉంది, శ్రీశైలం దాదాపు 450. తేడా 300 మీటర్లు, అంటే రెండు డిగ్రీలు. అంతే! అంతంత డబ్బు పెట్టి కారు మాట్లాడుకుని పోతే కొండ మనకు తగ్గించేది రెండు డిగ్రీలు. కార్తీకంలో చల్లగా ఉందనిపించేది చెట్ల నీడవల్లా, ఆకులు వదిలే తేమవల్లా. ఫాల్గుణంలో ఆ రెండూ ఉండవు. బోడికొమ్మల మధ్య నుంచి ఎండ నేరుగా బండ మీద పడుతుంది. కాబట్టి పది గంటల లోపు చూసుకుని దిగాలి. తెల్లారుజామున మాత్రం దిగువమెట్ట పల్లంలో పిల్లలు వణుకుతారు, ఒక స్వెట్టరు పెట్టుకోండి. రాత్రంతా కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి జారి పల్లంలో నిలబడుతుంది. పైనున్న వాడికంటే కింద ఉన్నవాడికి చలి ఎక్కువేసే విడ్డూరం అక్కడ తెల్లవారుజామునే దొరుకుతుంది.

చెట్టు సంగతి చెప్పాలంటే ముందు అది నిలబడ్డ రాయి సంగతి చెప్పాలి. ఫాల్గుణంలో పోవడానికి ఇంకో లాభం ఇదే. ఆకు లేకపోవడంతో కొండ ఎముకలు కనబడతాయి.

మా చిన్నప్పుడు రాష్ట్రంలో ఏ బడికి పోయినా పలక మార్కాపురానిదే. ఆ పలకరాయి ఒకప్పుడు నీళ్ల అడుగున పేరుకున్న బురద. సన్నటి బంకమట్టి పొర మీద పొరగా దిగింది. తర్వాత దాన్ని భూమి నొక్కింది, ఉడకబెట్టింది. మట్టిలోని ఖనిజాలు సన్నటి అభ్రకం రేకులుగా మారాయి. ఒత్తిడికి అడ్డంగా ఆ రేకులన్నీ ఒకే వైపుకు తిరిగి పడుకున్నాయి. ఉలి పెట్టి కొడితే రాయి పలకలుగా విడిపోయేది ఆ రేకుల వెంబడే. చాలామంది అనుకున్నట్టు బురద పొరల వెంబడి కాదు. గనుల దగ్గర పారేసిన ముక్కల్లో వెతికితే ఒక్కోసారి పలక మీద ఏటవాలుగా వేరే రంగు చార కనబడుతుంది. అది అసలు బురద పొర. పలక చీలిన దిశ వేరు, మట్టి పేరుకున్న దిశ వేరు. ఒక్క ముక్కలో రెండు కాలాలు. మా పెద్ద మనవరాలు అలాంటి ముక్కనొకదాన్ని బల్ల మీద పెట్టుకుంది, దుమ్ము తుడవనివ్వదు.

ఇసుక పేరుకున్న చోట అది గట్టిబడి స్ఫటికశిల అయింది. కొన్ని బండల మీద నీటి అలల గుర్తులు ఇప్పటికీ ఉంటాయి. పిల్లల్ని వేళ్లతో తడిమి చూడమనండి. గట్టి స్ఫటికశిల కొండగట్లుగా నిలబడింది. మెత్తటి పలకరాయి అరిగి పల్లమైంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు మనుషులు ఇళ్లు కట్టుకుని పంటలు పండిస్తున్నది ఆ అరిగిన పల్లంలోనే. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద జియలాజికల్ సర్వే తరఫున పెద్ద గ్రంథం అచ్చేసి, ఈ పలకరాళ్లకు కంభం పేరూ గట్టి రాళ్లకు భైరానికొండ పేరూ పెట్టాడు. ఈ రాళ్ల గురించి రాసేవాళ్లు ఏ దేశంవాళ్లయినా మన కంభం పేరు ఎత్తక తప్పదు.

"మరి రాళ్లలో చేప ముళ్లుంటాయా?" అన్నది పెద్దది. ఉండవమ్మా. చెలమ దగ్గర ఈ రాళ్లను చీల్చుకుని లోపల్నుంచి తోసుకొచ్చిన ఒక అరుదైన అగ్నిశిల ఉంది. దాని వయసు దాదాపు 140 కోట్ల ఏళ్లని తేల్చారు. చీల్చుకొచ్చినదానికే అంత వయసుంటే, చీలినదానికి అంతకంటే ఎక్కువే ఉండాలిగా. అప్పటికి చేపలు కాదుగదా, గుల్ల ఉన్న నత్త కూడా భూమ్మీద పుట్టలేదు. ఉన్నదల్లా కంటికి ఆనని సూక్ష్మజీవులూ నాచూ. అలాంటి నాచుపొరలు గుమ్మటాలుగా రాళ్లలో నిలిచిపోయింది చూడాలంటే కడప జిల్లా వేంపల్లె వైపు పోవాలి. అన్నట్టు చెలమలో ఉన్న ఆ అగ్నిశిల, ఆస్ట్రేలియాలో వజ్రాలు తవ్విన ఆర్గైల్ గని రాయి, రెండూ ఒకే జాతివి. ఈ ముక్క చదివి గడ్డపార పట్టుకుని దిగువమెట్ట రైలెక్కకండి, అటవీశాఖ వాళ్లు పట్టుకుంటారు.

ఘాటులో రోడ్డు కోసం కొండను కోసిన చోట పొరలు అడ్డంగా ఉండవు, ఒరిగి, వంగి ఉంటాయి. అక్కడ బండి ఆపించి నా భుజం మీద తువ్వాలు తీసి బండ మీద పరిచాను. ఒక అంచు చిన్నోణ్ణి గట్టిగా పట్టుకోమని, రెండో అంచు నుంచి పెద్దదాన్ని నెమ్మదిగా నెట్టమన్నాను. తువ్వాలు మడతలు పడి లేచింది. నల్లమల అలాగే లేచింది. తూర్పు నుంచి పడమటికి భూమి పొరలు నెట్టుకుంటే గుట్టలూ పల్లాలూ వరసగా మడతలు పడ్డాయి. నంద్యాల దాటి ఇంకా పడమటికి పోతే రాళ్ల పొరలు దాదాపు చాపపరిచినట్టే ఉంటాయి, నెట్టుడు అంతదూరం పోలేదు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికొద్దాం. మడతపడిన గట్టిరాయి బీటలు వేస్తుంది. వానాకాలం నీళ్లు ఆ బీటల్లోకి దిగుతాయి. కింద పలకరాయి అడ్డం తగిలితే ఇక దిగలేక పక్కకు మళ్లి ఎక్కడో ఒకచోట ఊటగా బయటపడతాయి, లేదా బీటల్లోనే ఉండిపోతాయి. పైకి చూస్తే ఎండిన బండ. లోపల, నీకూ నాకూ అందని చోట, తడి. చెట్టు వేరుకు అందుతుంది.

అసలు చెట్టు ఆకు ఎందుకు రాలుస్తుంది? ఆకు అడుగున లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిగుండా చెట్టు పగలంతా నీళ్లు ఆవిరి చేస్తూనే ఉంటుంది. నేల ఎండేకొద్దీ ఆ ఖర్చు భరించలేక ఆకులే వదిలేస్తుంది. ఇంతవరకు బడి పుస్తకంలో ఉన్నదే. పుస్తకం చెప్పని మలుపు ఇకపైన ఉంది. ఆకులు రాలగానే ఖర్చు ఆగిపోతుంది గానీ రాబడి ఆగదు. లోతు వేరు కొంచెం కొంచెంగా నీళ్లు తోడుతూనే ఉంటుంది. దాంతో ఎండిపోతున్న మాను మళ్లీ తడెక్కుతుంది. మాను తడెక్కితేనే మొగ్గ కదులుతుంది. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ బోర్చర్ట్ కోస్టారికా ఎండు అడవుల్లో చెట్లను పట్టి పరీక్షించి, మానులోనూ నేలలోనూ దాగిన నీటి నిల్వే ఏ చెట్టు ఎప్పుడు పూయాలో, ఎప్పుడు చిగురించాలో తేలుస్తుందని 1994లో రాశాడు. ఆకు రాల్చడం చెట్టు ఓటమని మనమనుకుంటాం. అది చెట్టు చేసుకునే పొదుపు.

ఆ పొదుపు ఎంతుంటుందో నల్లమద్దిని అడగాలి. నల్లటి బెరడు నలుచదరాలుగా బీటలు వారి ఉంటుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు. కొన్ని నల్లమద్ది మానుల లోపల నీళ్లు నిల్వ ఉంటాయని అడవి మనుషులకు ఎప్పట్నుంచో తెలుసు. 2024 మార్చిలో పాపికొండల అడవుల్లో, కొండరెడ్లు చెప్పిన గుర్తును బట్టి అటవీ అధికారులు ఒక మానుకు గాటు పెడితే కుళాయి తిప్పినట్టు నీళ్లు చిమ్మాయి. ఆ వీడియో దేశమంతా చూసింది. చూసి ఊరుకోవాలి. మా చిన్నోడు గొడ్డలి అడిగాడు కాబట్టి చెబుతున్నాను.

నీళ్లున్నాయి సరే, ఎప్పుడు బయటికి తియ్యాలో చెట్టుకెట్టా తెలుసు? ఎండను బట్టి తెలుసుకుంటుందా అంటే ఎండ ఏటికో రకం. మబ్బును బట్టా అంటే అప్పటికి మబ్బే లేదు. థాయిలాండ్ అడవుల్లో స్టీఫెన్ ఇలియట్, ప్యాట్రిక్ బేకర్, ఇదే బోర్చర్ట్ కలిసి చూసి 2006లో ఒక జవాబు చెప్పారు. చాలా చెట్లు పగటి పొడవును కొలుస్తున్నాయి! మార్చి 20, 21 తేదీల్లో పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. అక్కణ్నుంచి పగలు పెరుగుతుంది. చెట్టు ఆ పెరుగుదలనే సంకేతంగా తీసుకుని, నేల ఎండిపోయి ఉన్నా, వానల కంటే ఒకటి రెండు నెలల ముందే చిగురేస్తుంది. ఏటా ఇంచుమించు అదే తేదీలకు.

మన దగ్గర పగలు ఎంత పెరుగుతుందో చూడండి. మార్కాపురంలో డిసెంబరు ఆఖర్న పగలు 11 గంటల 10 నిమిషాల చిల్లర. జూన్ మూడోవారంలో 13 గంటలు దాటుతుంది. ఆరు నెలల్లో రెండు గంటల్లోపు తేడా. అందులోనూ మార్చిలోనే పెరుగుదల వేగం ఎక్కువ. అయినా అది రోజుకు ఒక నిమిషం కూడా నిండదు. మనకు గడియారం చూస్తే గానీ తెలియని ఆ తేడాను బోడికొమ్మ మీది మొగ్గ పట్టేస్తోంది.

"వాన వచ్చేదాకా ఆగితే ఏం పోతది?" పెద్దది అడిగింది. మంచి ప్రశ్న. ఇక్కడ మన దేశంవాళ్ల పని ఉంది. కె.ఎస్. మురళి, రామన్ సుకుమార్ అనే శాస్త్రవేత్తలు నీలగిరుల దగ్గర ముదుమలై ఎండు అడవిలో ఆకు పురుగుల లెక్క తీశారు. ఎండాకాలంలోనే చిగురించిన చెట్లకు పురుగు తిన్న ఆకులు తక్కువ, ఆలస్యంగా చిగురించిన వాటికి ఎక్కువ అని 1993లో అచ్చేశారు. పురుగులకు వానలు రావాలి. వానతో గొంగళ్లు లేచేసరికి ముందే వేసిన ఆకు ముదిరిపోయి, నమలడానికి పనికిరాకుండా ఉంటుంది. ఇంకో లాభం, తొలకరి పడ్డ రోజుకే ఆకు సిద్ధంగా ఉండి వంట మొదలుపెడుతుంది. మన వైపు వానలుండేదే కొద్ది నెలలు. అందులో మొదటి నెల ఆకు తయారీకే పోతే ఇక తినేదెప్పుడు?

లేత చిగురు ఎర్రగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే చెప్పాలి. మీ వీధి రావిచెట్టునే చూడండి, మార్చిలో రాగిరంగులో మెరుస్తుంది. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగుది. లేత ఆకులో ఎండను వాడుకునే యంత్రాంగం ఇంకా పూర్తి కాలేదు, ఎక్కువ ఎండ దాన్ని చెడగొడుతుంది, ఎరుపు దానికి తెర అని కొందరు. పురుగును దూరం పెట్టడానికని ఇంకొందరు. వాదన తెగలేదు. రెండూ నిజమయ్యే అవకాశం ఉందని నాకనిపిస్తుంది. ప్రకృతి ఒక పనికి ఒక పనిముట్టే వాడాలని ఎక్కడా రాసిపెట్టలేదు.

ఇక పూలు. ఆకులు లేనప్పుడే పూయడంలో ఉపాయం ఉంది, అడ్డంలేకుండా దూరానికి కనబడతాయి. మోదుగ కింద పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. పిల్లలు కూర్చుంటారా అంటే, పందెం పెడితే కూర్చుంటారు. నల్లగా మెరిసే తేనెపిట్టలు, గోరింకలు వచ్చి పువ్వులో ముక్కు ముంచుతాయి. తేనెటీగ కంటికి ఎరుపు సరిగా ఆనదు, పిట్ట కంటికి బాగా ఆనుతుంది. పిట్టకు వాసనతో పెద్దగా పనిలేదు, మోదుగకు వాసన లేదు. బేరం ఎంత శుభ్రంగా కుదిరిందో చూడండి.

కొండగోగు తీరు వేరు. బోడికొమ్మల చివర అరచేతి వెడల్పు పసుప్పచ్చ పూలు, దూరంనుంచి బండల మధ్య దీపాలు పెట్టారా అనిపిస్తుంది. అందులో తేనె చుక్క కూడా ఉండదు. ఇచ్చేది పుప్పొడి ఒక్కటే. అదీ తెరిచి పెట్టదు, కేసరం కొనలో చిన్న రంధ్రం ఉంచుతుంది. గండుతుమ్మెద వచ్చి కేసరాలను వాటేసుకుని, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రం గడగడా వణికిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రంలోంచి రాలుతుంది. చెవి పెట్టి వినండి, ఎగిరేటప్పటి మోతకూ పువ్వు మీది మోతకూ శ్రుతి మారుతుంది. మా పెద్దదానికి సంగీతం వచ్చు, శ్రుతి పెరిగిందని ముందు చెప్పింది అదే. పెరట్లో వంకాయ పువ్వుదీ టమాటా పువ్వుదీ ఇదే పద్ధతి. ఆ విద్య తేనెటీగకు రాదు.

ఈ అడవిలో ఉండే చెంచులకు ఇవి పని ఎక్కువున్న నెలలు. తపసి చెట్టు తెల్లటి మాను నుంచి బంక తీస్తారు, గిరిజన సహకార సంస్థ కొంటుంది. తెల్లగా నున్నగా ఉండే ఆ బెరడు పైపొరను గోటితో కాస్త గీరితే కింద ఆకుపచ్చ కనబడుతుంది. ఆకులు లేని రోజుల్లో ఆ పచ్చ బెరడు కూడా ఎండ తిని కొంత తిండి వండుకుంటుంది. తర్వాత ఇప్పపూలు వస్తాయి. మొగ్గలు రాత్రి విచ్చుకుంటాయి, గబ్బిలాలు వచ్చిపోతాయి, తెల్లారేసరికి చక్కెర నిండిన కండగల పూరేకులు నేల మీద రాలి ఉంటాయి. చీకట్లో పోయి ఏరుకుందాం అన్నాడు చిన్నోడు. వద్దన్నాను. ఇప్పపూలంటే ఎలుగ్గొడ్డుకు ప్రాణం, అది మనకంటే ముందే లేస్తుంది. చెంచులు గుంపుగా, మాట్లాడుకుంటూ పోతారు, వాళ్లకు దాని మర్యాదలు తెలుసు.

నీళ్లు చూడాలని పిల్లలు పట్టుబడితే రాచర్ల మండలంలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి ఉంది, శనివారాలు జనం. గుండ్లకమ్మ అక్కడ కొండ మీంచి దూకుతుంది. ఫాల్గుణానికి ధార సన్నబడుతుంది, అదే మేలు, కింది గుండం ఎట్టా పుట్టిందో కనబడుతుంది. వరదలో గులకరాళ్లు సుడితిరుగుతూ బండను తొలిచిన గుంటలవి. ఆ గుండ్లకమ్మనే కిందికి దిగాక కంభం దగ్గర రెండు గుట్టల సందులో కట్టడి చేసి చెరువు చేశారు. విజయనగర రాజుల కాలంలో, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. చెరువు పొడవు సుమారు ఏడు కిలోమీటర్లు, వెడల్పు మూడున్నర. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల్లో చేరింది. గట్టిరాయి మడతల మధ్య సందు వెతికి పట్టుకున్నవాళ్లు తువ్వాలు పరిచి చూశారో లేదో గానీ, కొండను బాగా చదివారు. ఇప్పటి వెలిగొండ ప్రాజెక్టులోనూ సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర మూసింది అలాంటి సందులనే. దాని నీళ్ల సంగతి ఎత్తితే మా వాళ్ల రచ్చబండ కబుర్లు మొదలవుతాయి, సైన్స్ ఆగిపోతుంది.

పోయేవాళ్లకు రెండు మాటలు. ఈ రోజుల్లో అడవి నేలంతా ఎండుటాకు, ఒక్క బీడీ ముక్క చాలు. అగ్గిపెట్టె ఇంట్లోనే పెట్టి రండి. కోతులకు అరటిపండ్లు విసరకండి, అవి రోడ్డు మీదికి రావడానికి అలవాటుపడి బండ్ల కింద పడుతున్నాయి.

కొండకు పోయే వీలు లేనివాళ్లు వీధిలోనే ఒక పని చెయ్యొచ్చు. రోజూ పంచాంగంలో సూర్యోదయం, సూర్యాస్తమయం రాసుకుని తీసివేత చేస్తే పగటి పొడవు వస్తుంది. పక్కనే ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి మొగ్గ, చిగురు, పువ్వు ఉన్నదీ లేనిదీ రాయాలి. సీజన్‌వాచ్ అనే కార్యక్రమం కింద దేశంలో చాలా బడుల పిల్లలు ఏళ్లుగా ఇదే చేస్తున్నారు, వేప, చింత, మామిడి, రేల లాంటి మనకు తెలిసిన చెట్ల మీదే.

మా వీధిలో రెండు వేపచెట్లున్నాయి. ఒకటి కుళాయి పక్కన, దాని మొదట్లో ఏడాదంతా తడే. రెండోది వీధి చివర బండనేల మీద. ఏది ముందు చిగురేస్తుందని పిల్లలిద్దరూ పందెం కాశారు. కుళాయి చెట్టే, దాని దగ్గర నీళ్లున్నాయిగా అన్నది పెద్దది. రెండూ ఒకేసారి, పగలు రెండింటికీ ఒకటేగా అన్నాడు చిన్నోడు. నోటుపుస్తకం దాని దగ్గరుంది, పెన్ను వాడి దగ్గరుంది, పందెం సొమ్ము నా దగ్గరుంది.